బీదర్ సారు రాసిన చీటీ

ఒక మనిషి గొంతు నా మీద బరువుగా ఉంది. చాలా ఏళ్లుగా ఉంది. దించుకోవడానికి చోటు దొరకలేదు. గుడిలో చెప్పుకుందామంటే, దేవుడికి తెలిసిందే కదా, కొత్తగా చెప్పేదేముంది అనిపించేది. ఇంట్లో చెబుదామంటే నోరు పెగల్లేదు. అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. ఈ పనికి అదే మంచిది.

ఇన్నాళ్లకు ఎందుకంటారా? ఈమధ్య ఫోన్లో పాటల గురించి మాట్లాడుకునే ఒక గుంపులో నన్ను చేర్చారు. పాత సినిమాలు, ఏ విమర్శకుడికి చెవులున్నాయి, ఎవరికి లేవు, ఏ పరికరంలో వింటే పాట బాగుంటుంది, పొద్దస్తమానం అదే గొడవ. మొన్న ఒక అమ్మాయి తను పాడిన పాటను అందులో పెట్టింది. సొంత పేరు పెట్టుకోని ఒకాయన దాన్ని రెండు ముక్కల్లో తీసిపారేశాడు. అందరూ ఆయన మీద విరుచుకుపడ్డారు. నాకు మాత్రం ఆయన బాగా తెలిసినవాడే అనిపించింది.

మాకూ ఒక గుంపు ఉండేది. ఎనభైల మొదట్లో, జహీరాబాద్‌లో. ఫోన్లు ఎక్కడివి? మాకున్నది ఒక నోటుబుక్కు. తిరుగుడు బుక్కు అనేవాళ్లం. నలుగురం ఉండేవాళ్లం. నేను బొంబాయి రోడ్డు మీద ఒక లారీ ఆఫీసులో గుమాస్తాను. బస్టాండు పక్కన గడియారాలు, రేడియోలు బాగుచేసే కరీం భాయ్ ఒకడు. న్యాల్‌కల్‌లో శివప్ప ఒకడు, జొన్నచేనికి పోయినా భుజాన రేడియో వేలాడాల్సిందే. నాలుగో మనిషి కోహీర్‌లో ఉండేది, ఒకటి రెండుసార్లే చూశాను. ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. అనసూయ అందాం. అసలు పేరు అది కాదు.

బుక్కును గుడ్డసంచిలో పెట్టి బస్సు కండక్టరు చేతికి ఇచ్చేవాళ్లం. ఎవరి దగ్గరైనా రెండు రోజులే ఉండాలి. పాటల మీద మన మాట నీలం సిరాతో రాయాలి, ముందువాళ్లు రాసినదాని మీద మన మాట ఎర్ర సిరాతో రాయాలి. బుక్కులో కొట్లాడింది బుక్కులోనే వదిలెయ్యాలి. ఇవే కట్టుబాట్లు. సినిమా పత్రికల్లో వచ్చిన విమర్శల్ని అందులో ఉతికి ఆరేసేవాళ్లం. పాటను అంకెలుగా మార్చి మెరిసే పళ్లెంలో దాస్తున్నారట, రేపు దాన్ని జేబులో వేసుకుని తిరగొచ్చట అని ఒక డ్రైవరు బొంబాయి నుంచి కబురు మోసుకొస్తే, నేను దాని మీద రెండు పేజీలు రాశాను. శివప్ప కింద ఎర్రగా రాశాడు: "అంకెలల్ల పాట ఉంటే లెక్కలు రాసే మా పట్వారి ఎప్పుడో పెద్ద గాయకుడు అయితుండె." ఆ బుక్కు వచ్చే రోజు నాకు పండగలా ఉండేది. నా జీవితంలో నలుగురి మాట వినాలని, నలుగురూ నా మాట వినాలని తపించింది ఆ రెండు మూడేళ్లే.

అందులో పెద్ద విమర్శకుణ్ని నేనని అనుకునేవాణ్ని. పత్రికల్లోని బరువైన మాటలన్నీ నా పేజీల్లో ఉండేవి. ఒకసారి ఏదో సినిమా పాటల్ని ఆకాశానికెత్తిన ఒక విమర్శకుణ్ని వెనకేసుకొచ్చాను. అనసూయ ఎర్ర సిరాతో ఒకటే వాక్యం రాసింది. "ఈ అన్న పాట వినడు, పత్రిక చదివి పాట విన్ననంటడు." దాని కింద కరీం భాయ్ "నిజమే" అన్నాడు. శివప్ప రెండుసార్లు "నిజమే" అన్నాడు.

ఎవరైనా నవ్వి ఊరుకుంటారు. నేను ఊరుకోలేకపోయాను. ఎందుకు? అది నిజం కాబట్టి. అబద్ధమై ఉంటే ఎర్ర సిరాతోనే జవాబు ఇచ్చేవాణ్ని.

అప్పుడు బీదర్ సారు పుట్టాడు. బీదర్‌లో ఒక పెద్ద వయసు సంగీతం సారు ఉన్నాడని, మన బుక్కు గురించి చెబితే ముచ్చటపడ్డాడని, మా లారీలో చీటీలు పంపుతాడని రాశాను. అలాంటి సారు ఎవరూ లేరు. ఎడమచేత్తో, ఊదా సిరాతో, వేరే కాగితాల మీద నేనే రాసి బుక్కులో పెట్టేవాణ్ని. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది బాగా అతికింది. నేను చెబితే నవ్విన మాటల్నే సారు చెబితే ముగ్గురూ తలవంచి ఒప్పుకున్నారు. అనసూయ కూడా. "సారు చెప్పిన్రంటే నేను తప్పు విన్నట్టే" అని రాసింది. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది ఒక చిలిపి పని. ఇప్పుడు ముసలితనంలో చెప్పుకుని నవ్వుకునేవాణ్ని.

ఒకసారి బుక్కుతో పాటు ఒక క్యాసెట్టు, ఒక ఉత్తరం వచ్చాయి. ఉత్తరం సారుకు. లలిత గీతాలు పాడేవాళ్ల ఎంపికకు రమ్మని అనసూయను రేడియో వాళ్లు పిలిచారు. హైదరాబాద్ పోవాలి. వాళ్ల నాయనకు ఇష్టం లేదు. బడి పంతులు దగ్గర టేప్ రికార్డర్ అడిగి తెచ్చుకుని మూడు పాటలు పాడి పంపింది. "సారూ, మీరు పొమ్మంటే మా నాయన తోలుకపోతనన్నడు. మీరు వద్దంటే వద్దు. మీరు ఊ అంటే ముందుగాల బీదర్ వచ్చి మీ కాళ్లు మొక్కి, అటెన్క హైదరాబాద్ పోతం" అని రాసింది. కింద వాళ్ల నాయన వేలిముద్ర కూడా ఉంది. ఉత్తరానికి వేలిముద్ర ఎందుకు? ఆయన తన మాటకు కట్టుబడి ఉంటానని చెప్పడానికి.

అప్పట్లో ఒక డ్రైవరు బొంబాయి నుంచి చిన్న టేప్ తెచ్చుకున్నాడు. నడుముకు తగిలించుకుని, చెవులకు తీగలు పెట్టుకుని వినేది. మధ్యాహ్నం అతను నిద్రపోతుంటే దాన్ని అడిగి తీసుకుని, ఆఫీసు వెనక అల్లం బస్తాల మీద కూర్చుని క్యాసెట్టు పెట్టాను. హార్మోనియం లేదు, తంబూరా లేదు. ఒట్టి గొంతు. మొదటి పాట ఒక తత్వం. రెండోది వాళ్లింట్లో కన్నడంలో పాడుకునే జోలపాట. మూడోది తను సొంతంగా కట్టుకున్నది. ఆ మూడోదాని రెండో చరణంలో గొంతు కిందికి జారింది. కొంచెం కొంచెంగా జారుతూ బరువెక్కి, మగగొంతులా అయిపోయింది.

దొరికింది అనుకున్నాను. మీకు అబద్ధం చెప్పను, నాకు మొదట కలిగింది సంతోషం.

తర్వాత చూస్తే టేప్ మీది ఎర్ర దీపం మినుకుమినుకుమంటోంది. సెల్లులు అయిపోయాయి. జారింది ఆమె కాదు, మెషిను. ఎదురు కొట్లో కొత్త సెల్లులు కొని వేసి, మొదటి నుంచి విన్నాను. ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడే నిలబడింది ఆ గొంతు. ఎవరినీ మెప్పించాలని పాడుతున్నట్టు లేదు. కుట్టుపని చేసుకుంటూ తనలో తాను పాడుకున్నట్టుంది. నాకు ఏడుపొచ్చింది. పత్రికల్లో నేర్చుకున్న మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు. నిజంగా పాట వినడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

తెలిసీ ఏం చేశాను? ఊదా సిరా తీశాను. "అమ్మా, నీకు ఇష్టం ఉంది గాని శ్రుతి లేదు. మూడో పాట రెండో చరణంలో నీ గొంతు కిందికి జారిపోయింది. ఇది సాధనతో వచ్చేది కాదు. నలుగురిలోకి పోయి బాధపడకు. నీ మేలు కోరి చెబుతున్నాను." ఇదీ సారు ఇచ్చిన తీర్పు.

చాలా ఏళ్లు నాకు నేను ఒక సాకు చెప్పుకున్నాను. సారు ఊ అంటే వాళ్లు బీదర్ పోతారు, అక్కడ సారు ఉండడు, నా గుట్టు రట్టవుతుంది, భయంతో రాశాను అని. భయం ఉన్న మాట నిజమే. కాని భయమే అయితే "పోయి రా అమ్మా, నేను ఊళ్లో ఉండను, ఇక్కడికి రావద్దు" అని రాయొచ్చు కదా? ఒక్క ముక్కతో పోయేది. ఆ ముక్క నాకు తట్టలేదా? తట్టింది. అయినా రాయలేదు. నన్ను చూసి నవ్విన మనిషి ఒక్కసారి కింద పడితే చూడాలనిపించింది. పైగా అది నా కంటే ఎంతో పైనున్న గొంతు. ఈ మాట ఇప్పటిదాకా నాకు నేను కూడా చెప్పుకోలేదు.

చీటీ బుక్కులో తిరిగింది; క్యాసెట్టును విడిగా కోహీర్‌కు పంపేశాను. కరీం భాయ్ మెషిన్లు తెలిసిన మనిషి. ఎర్ర సిరాతో రాశాడు: "సారు సెల్లులు అయిపోయిన మెషిన్ల విన్నడేమో. జర అడుగున్రి." అదీ దేవుడిచ్చిన సందే. అవునట, పొరపాటట, సారు మళ్లీ విన్నాడట అని రాస్తే అందరి పరువూ నిలిచేది. నేను ఎడమచేత్తో ఇంకో చీటీ రాశాను. "నేను కరెంటు మీద నడిచే పెద్ద రికార్డర్‌లో విన్నాను. రెండుసార్లు విన్నాను." మొదటి చీటీ కుళ్లుతో రాశాననుకుందాం. మరి రెండోది? తీరిగ్గా కూర్చుని, అక్షరాలు వంకర పోకుండా రాసింది.

అనసూయ పేజీలో నాలుగు వాక్యాలు ఉన్నాయి. సారుకు దండాలు. నాయన పైసలు, తన ఇజ్జత్ రెండూ కాపాడినారు. హైదరాబాద్ పోవడం లేదు. అన్నకు కూడా దండాలు, శ్రమ తీసుకుని క్యాసెట్టు చేర్చినందుకు. ఆ తర్వాత రెండుసార్లు బుక్కు ఆమె దగ్గర నుంచి ఏమీ రాయకుండానే తిరిగొచ్చింది. మూడోసారి తిరిగి రాలేదు. ఎవరూ అడగలేదు.

అయిదారేళ్లకు ఒకసారి జహీరాబాద్ బజారులో, దారాలు అమ్మే కొట్టు ముందు ఆమె కనిపించింది. పక్కన నాలుగేళ్ల పాప.

"అన్నా, గుర్తు పట్టినవా? కోహీర్ అనసూయను."

"పట్టకేం అమ్మా. బాగున్నవా?"

"బాగనే ఉన్నం. ఇది నా బిడ్డ."

కొట్టులో రేడియో మోగుతోంది. పాప దాని వెంట సన్నగా పాడుతోంది. పాట ఎక్కడికి పోతే అక్కడికి, వెంట్రుకవాసి తేడా లేకుండా పోతోంది. అనసూయ పాప నోటి మీద చెయ్యి పెట్టింది.

"ఊకో బిడ్డా. మన ఇంటి గొంతులు శ్రుతిల నిలవయ్. నలుగురు నవ్వుతరు." నా వైపు తిరిగింది. "బీదర్ సారు మంచిగున్నరా అన్నా?"

"పోయిన్రమ్మా."

"అయ్యో. ఎప్పుడు?"

"నిరుడు."

చేతిలోని దారపు ఉండను చూస్తూ నిలబడింది. "ఒక్కసారన్న కాళ్లు మొక్కుదామనుకున్న. అప్పుడు శాన ఏడ్చిన గని, మంచే చేసిన్రన్నా. మొఖం మీద నిజం చెప్పెటోళ్లు ఎవరున్నరు?"

నేను అడగకుండా ఉండలేకపోయాను. "ఆ క్యాసెట్టు ఉన్నదా అమ్మా?"

"యాడిది అన్నా. నా పాట ఎవరు వింటరని దాంట్ల సిన్మ పాటలు నింపిచ్చిన. బిడ్డ వింటది."

కోహీర్ బస్సు వచ్చింది. పోతున్నామని చెప్పి పాపను చంకనేసుకుంది. చీటీ రాసింది నేనే అని చెప్పక్కర్లేదు. బిడ్డను పాడనియ్యి అమ్మా, బాగా పాడుతోంది అంటే చాలు. అయిదారు మాటలు. "జాగ్రత్తగ పోండి" అన్నాను.

తల్లి గొంతు నేను నొక్కాను. బిడ్డ గొంతు ఆమె చేత నొక్కించాను. ఆ పాప ఇప్పుడు ఎక్కడుందో, పాడుతోందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే కోహీర్ ఎంత దూరం? బస్సెక్కితే గంట పట్టదు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఎక్కబోయానో, ఎన్నిసార్లు స్టాండులోంచి తిరిగొచ్చానో. పోయి ఏమని చెప్పాలి? చెబితే ఆమెకు మిగిలేది ఏమిటి? సారు మీది ఆ గౌరవం కూడా పోతుంది. ఇది ఆమె మీద జాలితో అంటున్నానా, నా పిరికితనంతో అంటున్నానా? రెండోదే అయి ఉంటుంది.

క్షమించమని ఇక్కడ అడగను. ఆమె వినని చోట అడిగే క్షమాపణ కూడా ఇంకో దొంగ చీటీయే. మీరు నన్ను ఏమనుకున్నా సరే. రాశాక గుండె కాస్త తేలికైంది. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదని తెలుసు, అయినా తేలికైంది.

బీదర్ సారు లేడు. ఎప్పుడూ లేడు. ఆ రెండు చీటీలూ నేను రాసినవి. ఆమె చాలా బాగా పాడింది.