బరువు కనబడితే కొమ్మకే

ఇంట్లో బరువైన వస్తువేది కనబడకపోయినా కోడలు ముందు చెట్ల మీద వెతికేది. మామగారికున్న పిచ్చి ఒక్కటే: బరువు దొరికితే కొమ్మకు వేలాడదీయడం.

ఉద్యోగం నుంచి రిటైరైన మర్నాడే ఆయన పెరట్లో జపాన్ తోట మొదలుపెట్టారు. గులకరాళ్లు పరిచి, మూడు బండరాళ్లు నిలబెట్టి, గోడ పక్కన పైన్ చెట్టు నాటారు.

"ఈ తోటలో చెట్టు నిటారుగా ఉండకూడదమ్మా. వందేళ్లు గాలికి వంగినట్టుండాలి," అన్నారు.

వందేళ్లు ఆగే ఓపిక ఆయనకెక్కడిది! చెట్టు ఏపుగా ఎదగగానే రోకలి వెళ్లి కొమ్మెక్కింది. వెనకే ఇస్త్రీపెట్టె.

"మామయ్యగారూ, మీ అబ్బాయి నలిగిన చొక్కాతో ఆఫీసుకి వెళ్లాలా?"

"పదిహేను రోజులు ఓర్చుకోమనమ్మా. ఇప్పుడు తీస్తే కొమ్మ పైకి లేస్తుంది."

కుళాయి బాగుచేసిన ప్లంబరు తన సంచి కోసం ఇల్లంతా గాలించి, చివరికి చెట్టు కింద తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"సార్, నా పానాలు..."

"ఉండవయ్యా, భలే కుదిరింది!"

ఈమధ్య గోడవైపు కొమ్మ మీద మరీ పడ్డారు. ఒకరోజు పప్పు కడిగి చూసేసరికి కుక్కరు లేదు. కోడలికి ఒళ్లు మండింది. కత్తిపీట పట్టుకెళ్లి తాళ్లన్నీ తెగ్గోసింది. కొమ్మ రివ్వున పైకి లేచింది. మామగారు వంగి తెగిన తాళ్లు ఏరుకున్నారు.

మర్నాడు పక్కింటి టీచరమ్మ ఫోన్ చేసింది. తుంటి విరిగి నాలుగు నెలలుగా ఆవిడ మంచం దిగలేదు.

"అమ్మాయ్, నా కొమ్మేదీ?"

కోడలు పరుగున వెళ్లి మంచం పక్కన వంగి చూసింది. కొమ్మ పైకి పోయి, కిటికీలోంచి ఉత్త గోడే కనబడుతోంది.

"మంచం మీంచి కనబడాలని మీ మామగారు నాకోసం దాన్ని రోజూ కాస్త కాస్త దించుతున్నారు. మొన్న దాని మీద పిట్ట కూడా వాలింది," అంది టీచరమ్మ.

కోడలు ఇంటికొచ్చి మామగారి ముందు నిలబడింది.

"ఒక్కమాట చెప్పొచ్చుగా!"

"నీకు చెబితే కుక్కరు సంగతి ఆవిడ చెవిన పడుతుంది. మొహమాటపడి వద్దంటుందమ్మా."

కోడలు కొంగు బిగించి, బండరాయెక్కి, కొమ్మను రెండు చేతులా కిందికి లాగింది. "నేను పట్టుకుంటా, మీరు తాడు కట్టండి."

"ఇంకాస్త కిందికి!" కిటికీలోంచి కేక.

"ఇంతకన్నా కిందికంటే నేనే వేలాడాలి టీచరుగారూ!"

మామగారు తాడు పట్టుకుని కోడలిని ఎగాదిగా చూశారు.

"ఒక్క పదిహేను రోజులు ఓర్చుకోగలవా అమ్మా?"