దినామూ మొదటి బస్సులో తువ్వాలు

రాజగోపాలయ్యకు ఒకే ఒక్క జబ్బు. ఖాళీ కనిపిస్తే తువ్వాలు వేస్తాడు.

బస్సు కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసరడం మనమంతా చేసేదే. రాజగోపాలయ్య అక్కడ ఆగలేదు. పెళ్ళికి పోతే ముహూర్తం సంగతి తర్వాత. ముందు భోజనాల హాల్లోకి పోయి ఫ్యాను కింద కుర్చీకి తువ్వాలు కట్టి వస్తాడు. పళ్ళ డాక్టరు దగ్గరికి పోయి కనిపించిన మంచి కుర్చీ మీద వేశాడు. డాక్టరు లోపలినుంచి వచ్చి, "అయ్యా, అది నాది" అన్నాడు. ఇంట్లో తెల్లవారేసరికి బాత్రూం తలుపు మీద ఒకటి వేలాడుతుంటుంది. బళ్ళారి బ్రూస్‌పేటలో ఆయనది తాతల నాటి జవళి అంగడి, అందరూ ఆయన్ను శెట్రు అంటారు. తువ్వాళ్ళకు కొదవ లేదు గనక జబ్బు కుదరలేదు.

ఆయన తువ్వాలు వేయడంలో పనితనం ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఊరికే విసరడు. నిలువునా మడత, గళ్ళ అంచు బయటికి, ముడి లోపలికి. గాలికి ఎగరదు. ఎవరో మరిచిపోయి పోయారని అనుకునే వీలుండదు. ఆ వైపు ఒకరు వేసిన తువ్వాలు ఇంకొకరు తీశారంటే కొట్లాటకు పిలిచినట్టే.

ఆయన భార్య వాసవాంబ ఆ తువ్వాళ్ళ వెనకాల నడిచి నడిచి సిగ్గుపడటంలో ఆరితేరింది.

"పెండ్లిచూపులప్పుడే నాకు తెలియాల్సింది," అంటుంది. "నేను కాఫీ తెచ్చేలోపల పక్క కుర్చీలో తువ్వాలు ఏసి పెట్టినారు, నా కోసరమంట."

"ఏసినాను గాబట్టే దొరికితివి," అంటాడు ఆయన.

అట్లాంటి మనిషి సెకండ్‌హ్యాండులో ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. కొత్తలో అది ఎంత దూరం పోయేదో గానీ, వీళ్ళ చేతికి వచ్చేసరికి బ్యాటరీకి వయసు మీద పడింది. ఏసీ వేస్తే చార్జు తింటుందని బళ్ళారి ఎండలో కూడా ఏసీ వేయడు. వాసవాంబ పక్క సీట్లో విసనకర్ర పట్టుకుని కూర్చుంటుంది. హారను కూడా చార్జు తింటుందని ఆయన నమ్మకం. అందుకే కిటికీలోంచి తల బయటికి పెట్టి, "జరుగప్పా! జరుగు!" అని అరుస్తాడు. ఒకసారి ఎద్దు కూడా జరిగింది.

వాసవాంబ కళ్ళు ఎప్పుడూ రోడ్డు మీద ఉండవు. చార్జు ఎంతుందో చూపించే అంకె మీదే ఉంటాయి. అది ఒకటి దిగితే ఆమె గుండె రెండు మెట్లు దిగుతుంది.

ఇంట్లో ప్లగ్గు ఉన్నంతవరకు ఫరవాలేదు. ఊరు దాటితే వేరే లోకం. ఫోనులో యాప్ చూస్తే ఫలానా చోట ఫాస్ట్ చార్జరు ఖాళీగా ఉందంటుంది. పోయి చూస్తే దాని ముందు ఎవరిదో పెట్రోలు కారు నిలబడి ఉంటుంది. లేకపోతే ఎవరో మహానుభావుడు తన కారుకు చార్జరు గన్ను తగిలించి బిర్యానీకి పోయి ఉంటాడు. బ్యాటరీ ఎప్పుడో నిండుతుంది, ఆయన కడుపు మాత్రం నిండదు.

దీనికి రాజగోపాలయ్య కనిపెట్టిన ఉపాయం తువ్వాలే. సిరుగుప్ప దారిలో ఒక ఫాస్ట్ చార్జరు ఉంది. దాని పక్కనే దుర్గక్క బొరుగుల ఒగ్గాని, బజ్జి అమ్ముతుంది. అటు పోయే రోజు, పొద్దున మొదటి బస్సు కండక్టరు యోగేశ్ చేతికి ఒక తువ్వాలు ఇస్తాడు. యోగేశ్ దాన్ని దుర్గక్కకు ఇస్తాడు. దుర్గక్క దాన్ని చార్జరు గన్నుకు కడుతుంది. తువ్వాలు ముందు, మనిషి వెనక.

"మనిషి లేకుండా తువ్వాలొక్కటే బస్సులో పోయేది లోకంలో యాడన్నా ఉండాదా?" అని వాసవాంబ.

"టికెట్టు అడగలేదులే," అని రాజగోపాలయ్య.

ఆ రోజు మాత్రం ఆమెకు ఎగతాళి చేసే ఓపిక లేదు. తన తమ్ముడి కూతురు అనుష వీళ్ళింట్లోనే ఉండి చదువుకుంది. పెద్దాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగానికి పేరు వచ్చింది. రాయచూరులో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. మధ్యాహ్నం మూడింటికి తలుపు మూస్తారు. రానివాళ్ళ ఉద్యోగం జాబితాలో తర్వాతి వాళ్ళకు పోతుంది. కారు సిరుగుప్ప వరకు హాయిగా పోతుంది. అక్కడ చార్జు పెట్టకపోతే రాయచూరు చేరదు.

"బస్సులో పోతామండీ," అని ముందురోజు నుంచీ వాసవాంబ మొత్తుకుంది.

"ఇంట్లో కారు పెట్టుకోని పిల్లను బస్సులో నిలబెడతామా? తువ్వాలు పొయ్యింది, సుమ్నే నిమ్మళంగా ఉండు."

దారంతా అనుష సర్టిఫికెట్ల ఫైలును ఒళ్ళో పెట్టుకుని, వదిలితే ఎగిరిపోతుందన్నట్టు కూర్చుంది. వాసవాంబ విసనకర్ర ఒకసారి తనకు, ఒకసారి ఆ అంకెకు విసురుతోంది.

వీళ్ళు చేరేసరికి చార్జరు దగ్గర తెల్లని పెద్ద కారు ఒకటి ఆగి ఉంది. దాని యజమాని దుర్గక్కతో వాదిస్తున్నాడు.

"ఎవురిదక్కా ఈ తువ్వాలు?"

"శెట్రుది."

"ఆయప్ప యాడ?"

"దోవలో ఉండాడు."

"దోవలో ఉండే మనిషికి ఈడ లైనా?"

"నీ బండిలో ఎంతుండాది?"

"డెబ్బై."

"డెబ్బై పెట్టుకోని ఏం తొందరప్పా? కూచో. బజ్జి వేడిగా ఉండాది."

రాజగోపాలయ్య కారు దిగి ముడి విప్పాడు. అదే తువ్వాలుతో గన్ను మీద పేరుకున్న ఎర్ర దుమ్ము తుడిచాడు. పిన్నుల్లోకి మెల్లగా ఊదాడు. అద్దం తుడిచినట్టు ఇంకోసారి తుడిచాడు. చార్జింగ్ పెట్టేటప్పుడు ఆయన తొందరపడడు. చూసే వాసవాంబకు మాత్రం ప్రాణం లాగేస్తుంది.

"తగిలించండి! అది గన్ను, సాలగ్రామం గాదు!"

సరిగ్గా అప్పుడు రోడ్డు మీదినుంచి ఇంకో ఎలక్ట్రిక్ కారు వచ్చింది. వచ్చింది అనకూడదు, తోసుకొచ్చారు. వెనకనుంచి ఒక రైతు, ఆయన భార్య తోస్తున్నారు. ఆయన పేరు కోటిలింగం. కోస్తా నుంచి వచ్చి కెంచనగుడ్డ దగ్గర కాలువ కింద భూమి చేసుకుంటూ, మధ్యలో చేపల చెరువు తవ్వించుకున్నాడు.

"ఎంతుండాదప్పా?" అడిగాడు రాజగోపాలయ్య.

"సున్నా అండి. మైలు దూరం నుంచి తోసుకొస్తున్నామండి." కోటిలింగం డిక్కీ తీశాడు. లోపల ప్లాస్టిక్ సంచులు, సంచుల్లో నీళ్ళు, నీళ్ళలో జీలకర్ర గింజల్లాగా చేపపిల్లలు. "డ్యాం దగ్గర కొన్నామండి, కెంచనగుడ్డలో మా చెరువుకి. సంచిలో ఆక్సిజన్ అయిపోవస్తంది. ఎండకి చచ్చిపోతాయని ఏసీ ఫుల్లుగా పెట్టానండి, చార్జింగంతా అదే తాగేసింది."

వాసవాంబ విసనకర్ర ఆగిపోయింది. కొంగుతో చెమట తుడుచుకుంది. "చేపపిల్లలకు ఏసీనా!"

రాజగోపాలయ్య చేతిలోని గన్ను చూశాడు. సంచుల్లోకి చూశాడు. గన్ను తీసుకుపోయి కోటిలింగం కారుకు తగిలించాడు.

"ఏమండీ!" వాసవాంబ అడ్డం వచ్చింది. "ఏం చేస్తాండారు? మనింట్లో పొయ్యి కాడ చేప అనే మాట కూడా అనం. చేపల కోసరం పిల్ల ఉద్యోగం పోగొడతారా?"

"స్వల్పసేపేనే. ఆయప్ప చేపల గుంట ఈడ్నే ఉండాది, కొంచెం ఎక్కితే చాలు. మనకు సగం ఉండాది. ఆయప్పకు ఏమీ లేదు."

"సగంతో రాయచూరు పోతామా?"

"పోం."

"మల్ల?"

ఆయన దుర్గక్క దగ్గరి నీళ్ళతో తువ్వాలు తడిపాడు. పోయి సంచుల మీద తడితువ్వాలు కప్పాడు.

కోటిలింగం కారు కొంచెం చార్జు తాగి, దణ్ణాలు పెడుతూ వెళ్ళిపోయింది. రాజగోపాలయ్య మళ్ళీ పిన్నులు తుడిచి, ఊది, తన కారుకు తగిలించాడు. తెర వెలిగింది. అంకె ఒకటి ఎక్కింది. వాసవాంబకు ఊపిరి వచ్చింది. ఇంకొకటి ఎక్కింది. తెర ఆరిపోయింది. దుర్గక్క కొట్లో ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది.

"కరెంట్ హోయ్తు!" అంది దుర్గక్క.

"ఎప్పుడు వస్తాది?" అనుష మొదటిసారి నోరు తెరిచింది.

"చెప్పలేమమ్మా. పోయేటప్పుడు చెప్పి పోదు, వచ్చేటప్పుడు చెప్పి రాదు."

"రాయచూరు బస్సు?"

"ఇప్పుడే పొయ్యె. ఇంగోటి మధ్యాహ్నం మీద."

అనుష ఫైలును ఇంకా గట్టిగా పట్టుకుని బెంచి మీద కూర్చుండిపోయింది. వాసవాంబ మొగుడి మీద పడింది. బస్సు వద్దన్నారు, అదొకటి. చేతికొచ్చిన గన్ను ఇచ్చేశారు, అదొకటి. ఊరంతా తువ్వాళ్ళేసే మనిషికి సొంత పిల్ల కోసరం ఒక్క తువ్వాలు నిలబెట్టుకునేది చేతగాలేదు, అది అన్నిటికన్నా పెద్దది. రాజగోపాలయ్య ఎండలోకి పోయి, కరెంటు లేని చార్జరు పిన్నుల్లోకి ఊదుతూ నిలబడ్డాడు.

దుర్గక్క ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి వాసవాంబ చేతిలో పెట్టింది.

"ఆయప్పను తిట్టాకక్కా. ఈ తువ్వాలు ఈ పొద్దు మీ కోసరం వచ్చిందనుకుంటివా? దినామూ వస్తాది, మొదటి బస్సులో."

"దినామూనా? మేము యాడికీ పోని పొద్దు గూడా?"

"ఊ. చార్జు ఎండిపోయినోళ్ళు వస్తే నేనే ఇప్పి ఇస్తాను. వాళ్ళు మొగం తుడుచుకోని, ఆ తువ్వాలే మెడలో ఏసుకోని పోతారు. శెట్రు మల్లా కొత్తది పంపిస్తాడు. నిండుగా పెట్టుకోని, గన్ను తగిలిచ్చి బిర్యానీకి పొయ్యేటోళ్ళు వస్తే మాత్రం, శెట్రు దోవలో ఉండాడు అంటాను." దుర్గక్క నవ్వింది. "ఎన్నో దినాలాయె, శెట్రు దోవలోనే ఉండాడు."

"ఎందుకంట ఇదంతా?"

"పోయిన ఎండకాలం ఎవురో బండి తగిలిచ్చి పొయ్యి రాకపోతే, మీరు కాసుకోని కాసుకోని, నువ్వు ఎండదెబ్బకు ఈ బెంచి మీదనే పడితివి గదా. ఆ పొద్దు నీ మొగాన తడిగుడ్డ ఏస్తా శెట్రు నన్ను అడిగె, 'దుర్గక్కా, నేను రాని పొద్దు గూడా ఒక తువ్వాలు ఈడ ఉండొచ్చునా' అని."

వాసవాంబ మజ్జిగ తాగకుండా ఎండలో ఉన్న మొగుడి వైపు చూసింది. ఆయన ఇంకా ఊదుతూనే ఉన్నాడు. ఆమెకు కోపం దిగింది. భయం మాత్రం దిగలేదు. మంచితనం ఎంత ఉన్నా దాని మీద ఎక్కి రాయచూరు పోలేం గదా.

దుమ్ము లేపుకుంటూ ఒక పాత డీజిల్ జీపు వచ్చి బెంచి ముందు ఆగింది. స్టీరింగు దగ్గర కోటిలింగం, మోకాళ్ళ దాకా తడిసి.

"పిల్లలన్నీ బతికాయండి! చెరువులో వదులుతుంటే మోటారు ఆగిపోయింది. మాకు కరెంటు పోయిందంటే మీకూ పోయుంటది గదా అని మా ఆవిడంది. పాపది ఏదో ఉద్యోగం అన్నారు గదా, ఎక్కండమ్మా."

"మరి మీ గుంట కాడ?" అన్నాడు రాజగోపాలయ్య.

"మా ఆవిడుందండి. నాకన్నా ఆవిడ మాటే వింటాయి చేపలు."

అనుష ఎగిరి ఎక్కింది. వాసవాంబ సీటు చూసింది. తడిగా ఉంది. వాసన తెలుస్తూనే ఉంది. ఒక్క క్షణం ఆగి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఎక్కి కూర్చుంది. "మీరు?" అంది మొగుణ్ణి.

"కారును వదిలేసి ఎట్లా వచ్చేది? బిర్నే పోండి, టైము అయిపోతాంది."

రాయచూరులో తలుపు మూసే ప్యూను చెయ్యి గొళ్ళెం మీద ఉండగా అనుష లోపల పడింది. బయటికి వచ్చేటప్పుడు మొహం చూస్తేనే తెలిసిపోయింది, అడగనక్కరలేకపోయింది. వీళ్ళు వద్దన్నా వినకుండా కోటిలింగం తిరుగుదారిలో కూడా దింపుతానన్నాడు.

సిరుగుప్ప చేరేసరికి పొద్దు వాలింది. దుర్గక్క కొట్లో ఫ్యాను తిరుగుతోంది. రాజగోపాలయ్య బెంచి మీద కూర్చుని ఉన్నాడు.

"అయిందామ్మా?"

"అయింది మామా. వచ్చే నెల చేరమన్నారు."

ఆయన భుజం మీద తడుముకున్నాడు, మొహం తుడుచుకుందామని. తువ్వాలు లేదు. ఎవరి మెడలోనో పోయినట్టుంది.

"కరెంటు వచ్చి ఎంతసేపాయె?" అంది వాసవాంబ.

"చానాసేపాయె."

"మన కారులో ఎంతుండాది?"

"మీరు పొయ్యేటప్పుడు ఎంతుండెనో అంతే."

"మల్ల ఇంతసేపు ఏం చేస్తాంటిరి?"

"వచ్చినోళ్ళంతా ఎండిపోయినోళ్ళే వచ్చిరే."

వాసవాంబ ఏదో అనబోయింది. ఇంతలో నల్లటి పెద్ద కారు ఒకటి వచ్చి చార్జరు ముందు ఆగింది. అందులోంచి నల్లకళ్ళద్దాల కుర్రవాడు దిగి గన్ను మీద చెయ్యి వేశాడు.

వాసవాంబ చరచరా పోయి, చార్జరు దిమ్మె మీద చీర కుచ్చిళ్ళు పరుచుకుని కూర్చుంది.

"ఎంతుండాదప్పా నీ బండిలో?"

"ఎనభై, అక్కా. తగిలించేసి, తినేసి వచ్చేస్తా."

"ఈ జాగా వేరేవాళ్ళది."

అతను అటూ ఇటూ చూశాడు. "ఎవరూ లేరు గదక్కా?"

"వస్తాండారు."

"ఎవరు?"

"నాకేం తెలుసప్పా," అంది వాసవాంబ, విసనకర్ర తీసి నిదానంగా విసురుకుంటూ. "దోవలో ఉండారు."