ఆ తొంభైతొమ్మిదిలో నేనొకదాన్ని

పోయిన ఆదివారం సాయంత్రం జనగామలో మా చర్చి వెనక రేకుల హాల్లో పడుచుపిల్లల కూడిక ఉంటే, ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని గోడలు చూడటమెందుకని మనుమరాలు నన్నూ ఆటో ఎక్కించి తీసుకుపోయింది. గోడకు తెల్లగుడ్డ కట్టి, దానిమీద టీవీలో వచ్చే ఆకాశయానం సీరియల్ ముక్క ఒకటి చూపించి, ఆ కథ పట్టుకుని వాక్యం చెప్పడం మా కొత్త పాస్టరు అబ్బాయి అలవాటు. ఎగతాళి చేస్తున్నానని అనుకోకండి. బడిలో పనిచేసిన కాలమంతా నేనూ ఆదివారం బడి పిల్లలకు బొమ్మలు అతికించి పాఠాలు చెప్పినదాన్నే, పిల్లలు ఏది చూస్తున్నారో అక్కడినుంచి మొదలుపెట్టకపోతే వాళ్లు మన వెంట రారని నాకు తెలుసు.

ఆ సీరియల్ నేనూ ఇంట్లో మనుమరాలితో కూర్చుని తెలుగులో చూస్తూనే ఉన్నాను. వాళ్ల లోకం కాలిపోతే కొన్ని కుటుంబాలు ఒక పాత ఓడలో నక్షత్రాల నడుమ తిరుగుతూ కాలు మోపడానికి ఇంత నేల కోసం వెతుక్కుంటుంటారు. ఓడలో ఒకడు తిండి దాచుకుంటే పాస్టరు అబ్బాయి ఆకాశంనుంచి కురిసిన మన్నాను దాచుకుంటే పురుగు పట్టిన సంగతి చెప్పాడు, నీళ్లు అయిపోతే అరణ్యంలో బండనుంచి నీళ్లు వచ్చిన సంగతి చెప్పాడు, రెండూ నాకు నచ్చాయి. ఈ వారం ముక్కలో, ఓడలో మొక్కలు పెంచే పిల్ల ఒకతె తెలియని నేలమీద వెనకబడిపోతుంది. శత్రువులు వచ్చి పడుతుంటారు, తలుపు మూసి పోదాం పదమని అందరూ అంటారు, ఓడ నడిపే పెద్ద మాత్రం వినకుండా ఓడను వెనక్కి తిప్పి, ఆ పిల్లను చేతులమీద ఎత్తుకుని వస్తాడు. హాలంతా చప్పట్లు. లైట్లు వేసి పాస్టరు అబ్బాయి, “తొంభైతొమ్మిది గొర్రెల్ని ఇడిచిపెట్టి ఒక్కదాని కోసం పోయినోడు మన కాపరి, మనల ఎవ్వర్ని ఎనక ఇడిచిపోడు తమ్ముడూ, ఇడిచిపోడు చెల్లే!” అన్నాడు. నేను చేతికర్ర తీసుకుని బయటికి వచ్చి మెట్లమీద కూర్చున్నాను.

మాది కొడకండ్ల పక్కన ఒక పల్లె. ఊరికి దూరంగా, వాగు వైపు, మా కిరస్తానపోళ్ల ఇళ్లు కొన్ని ఉండేవి. మా బాపు అక్కడ పంతులూ, బోధకుడూ. ఒకే గడ్డికప్పు కింద వారమంతా బడి, ఆదివారం గుడి. సైన్సు కథలూ టీవీలూ లేవు కాని, కళ్లబడ్డ ప్రతిదాంట్లోనుంచీ ఒక పాఠం తీయడం మా బాపుకూ ఉండేది. ఒకసారి స్టేషన్ ఘన్‌పూర్ పోయి రైలు చూసి వచ్చి, రైలంటే ఏమిటో ఎరగని మా వాడకు నెలంతా రైలుమీదే బోధ చేశాడు. ఇంజను యాడికి పోతే ఆఖరి డబ్బా కూడ ఆడికే పోతది, కొక్కెం ఊడకుంటె చాలు అని ఆయన చెబుతుంటే ముసలివాళ్లు కూడా తలలు ఊపేవారు. అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైనది తప్పిపోయిన గొర్రె కథ. అది చెప్పేటప్పుడు ఎవరో ఒక పిల్లను భుజాలమీదికి ఎత్తుకుని గుడి చుట్టూ తిరిగేవాడు. చాలాసార్లు ఆ గొర్రెను నేనే.

మా మేనత్త, బాపుకు ఒక్కగానొక్క చెల్లెలు, మా ఇంట్లోనే ఉండేది. పసితనంలో జ్వరం వచ్చి చెవులు పోయాయట, చెవులతో పాటే మాట కూడా. పిలిస్తే వినపడదు కాబట్టి ఆమెను ఎవరూ పిలిచేవాళ్లం కాదు. వెనకనుంచి వచ్చి భుజం తట్టేవాళ్లం, లేదా ఆమె కూర్చున్న చోట నేలమీద కాలితో గట్టిగా తొక్కేవాళ్లం, ఆ అదురు తెలిసి తిరిగి చూసి నవ్వేది. నా తల దువ్వేది ఆమే. గుడిలో కీర్తన పాడేటప్పుడు ముందుకు వచ్చి బాపు వీపుమీద అరచెయ్యి ఆనించి నిలబడేది. పాట ఆ చేతిలోనుంచి ఆమెకు ఎక్కేదేమో, కళ్లు మూసుకుని ఊగేది. పాట అయిపోయినా ఒక్కోసారి చెయ్యి తీసేది కాదు, బాపు అలాగే ప్రార్థన మొదలుపెట్టేవాడు.

ఆ రోజులు ఎలాంటివో నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు, తరవాతివాళ్ల కోసం చెబుతున్నాను. నైజాం ఏలుబడికీ దొరలకూ ఎదురుతిరిగి పల్లెల్లో సంగం పిల్లలు తుపాకులు పట్టారు. పొద్దుగూకే వేళ వాళ్లు మా వాడకు వస్తే మా అమ్మ జొన్నరొట్టెలు ఇచ్చేది, ఇవ్వక తప్పేదీ కాదు, ఇవ్వొద్దని ఎవరికీ ఉండేదీ కాదు. వాళ్లను వెతుకుతూ ఏలికల తరఫు సాయుధులు లారీల్లో వచ్చి ఊళ్లమీద పడేవారు. లారీలోళ్లు అనేవాళ్లం మేము. లారీ దుమ్ము కనపడగానే ఊరివాళ్లు డప్పు కొట్టాలని, డప్పు వినగానే ఎక్కడివాళ్లు అక్కడినుంచే గుట్టకు పరుగెత్తాలని అందరూ అనుకున్నదే. ఆ డప్పు వినలేని మనిషి మా ఇంట్లో ఒకతె ఉందని అనుకోలేదా అంటే, అనుకున్నాం. ఆమె ఎప్పుడూ ఎవరో ఒకరి పక్కన ఉంటుంది కదా అనుకున్నాం.

ఆ రోజు ఆమె బట్టలు ఉతకడానికి వాగుకు పోయింది. ఎప్పుడూ వెంట పోయే నాయనమ్మ నడుము పట్టేసి ఇంటి దగ్గరే ఉంది. డప్పు మోగేసరికి బాపు బడిలో ఉన్న మా పిల్లలందరినీ ముందుకు తోలుకుని గుట్ట దారి పట్టాడు. అమ్మ చంకలో చంటి తమ్ముడు. నాయనమ్మను పక్కింటివాళ్లు చెరో రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చారు. బండల నడుమ చేరి ఊపిరి పీల్చుకున్నాక చూస్తే ఆమె లేదు. వాగుకాడినుంచి బాపు తెచ్చి ఉంటాడని అమ్మ, అమ్మ తెచ్చి ఉంటుందని బాపు అనుకున్నారు.

అప్పటికే గుడి కప్పు అంటుకుంది. గుట్టమీదినుంచి వాగూ, వాగులోనుంచి మా ఇళ్లకు వచ్చే బాటా చేతిమీది గీతల్లా కనపడేవి. ఆ బాటమీద నెత్తిన తడిబట్టల గంపతో మా అత్త వస్తున్నది. మేమందరం చూశాం. పొగ చూసి ఆగింది. మరొకరైతే వెనక్కి పారిపోయేవారు. ఆమెకు తుపాకుల చప్పుడు లేదు, ఏడుపుల చప్పుడు లేదు, ఆమెకు కనపడిందల్లా మా ఇంటివైపు లేస్తున్న పొగ. మేము లోపల ఉన్నామనుకుంది కాబోలు, గంప ఎత్తుకునే ఉరికింది.

అరిస్తే ఆమెకు వినపడదు, లారీలవాళ్లకు వినపడుతుంది. నాయనమ్మ బండమీదినుంచి కిందికి జారబోతే బాపు రెండు చేతులూ పట్టుకుని ఆపాడు.

“ఇడువురా నన్ను. అది ఇంట్లకు పోతాంది. దానికి ఇనరాదురా కొడుకా!”

“నువ్వు దిగితె గీ పిల్లలందరు పోతరవ్వా.”

“మరి నువ్వు పో! నువ్వన్న పో!”

బాపు లేచి నిలబడ్డాడు. ఆయన ధోవతి అంచు నా మొహానికి తగులుతూ ఉంది. బండల చాటున ఉన్న అందరి మొహాలూ చూశాడు, అమ్మ ఒళ్లో నోరు మూసిపెట్టిన తమ్ముణ్ణి చూశాడు. కింద వాడలో లారీలవాడొకడు తుపాకి పట్టుకుని గుట్టవైపే తల తిప్పి చూస్తున్నాడు. బాపు మళ్లీ కూర్చున్నాడు. నా జీవితంలో నేను చూసినవాటిల్లో అంతకన్నా బరువైనది మరొకటి లేదు, ఒక మనిషి లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం.

మర్నాడు దిగి వచ్చేసరికి ఇళ్లు బూడిద. బాటమీద తడిబట్టలు మట్టిలో పడి ఉన్నాయి. ఆమె లేదు. మనిషి లేదు, శవమూ లేదు. కొందరు ఆడవాళ్లను లారీ ఎక్కించారని ఊళ్లో ఎవరో అన్నారు. నాయనమ్మ ఆ బట్టలన్నీ ఏరుకుని, వాగుకు పోయి మళ్లీ ఉతికి ఆరేసింది.

తరవాత బాపు వెతకడం మొదలుపెట్టాడు. కొడకండ్ల నడిచాడు, స్టేషన్ ఘన్‌పూర్ నడిచాడు, జనగామలో ఆ లారీలు ఆగే క్యాంపు ముందు ఎండలో నిలబడి, మెడ పట్టి గెంటించుకుని వచ్చాడు. మాట రాని మనిషి, ఊరి పేరు కూడా చెప్పే వీల్లేదు, ఎవరైనా దయతలచి వదిలినా ఎటు పోవాలో అడిగే వీల్లేదు, అదే ఆయన్ను తినేసింది. నైజాం పోయి ఢిల్లీనుంచి పెద్ద సైన్యం వచ్చినప్పుడు ఊళ్లో సంబరం చేసుకున్నారు, బాపు మాత్రం ఆ రోజే బయలుదేరి కొత్త క్యాంపుకు పోయాడు. సంగపోళ్లకు రొట్టెలు పెట్టిన వాడ నీదేనా అని వాళ్లు ఆయన్నే పట్టుకుని కొట్టి, చాలా రోజులు ఉంచుకుని వదిలారు. ఆయన ఎడమకాలు మళ్లీ సరిగా నేలకు ఆనలేదు. ఆ కాలుతోనే మానుకోట దాకా పోయాడు, స్టేషన్లో ఒక మూగమనిషి అడుక్కుంటున్నదని ఎవరో చెబితే.

ఎక్కడికి పోయి వచ్చినా, కాళ్లు కూడా కడుక్కోకముందే నాయనమ్మ అడిగేది.

“దొరికిందారా?”

ప్రతిసారీ లేదవ్వా అనేవాడు. మానుకోటనుంచి వచ్చిన రోజు మాత్రం గుమ్మంలోనే కూలబడి, “ఒకతె దొరికిందవ్వా. మనది కాదు” అన్నాడు.

నాయనమ్మ అడగడం మానలేదు. పొలంనుంచి వచ్చినా, బయటినుంచి చెంబు పట్టుకుని వచ్చినా అదే మాట. అమ్మ ఎంత బతిమిలాడినా మానలేదు. నాయనమ్మ మంచాన పడ్డాక ఒకనాడు బాపు లోపలికి వస్తే తల ఎత్తి చూసి, ఏమీ అడగకుండా గోడవైపు తిరిగి పడుకుంది. అప్పుడు ఏడ్చాడు మా బాపు, నాకు తెలిసి మొదటిసారి.

గుడి కప్పు మళ్లీ వేశారు కాని బాపు బోధ మళ్లీ నిలబడలేదు. తప్పిపోయిన గొర్రె కథ వచ్చే ఆదివారం పుస్తకం మూసి, కీర్తన పాడమనేవాడు. వీపుమీద చెయ్యి లేక కీర్తన కూడా తడబడేది. చివరికి ఆ పని వద్దని మిషను దొరలకు చెప్పేసి, మమ్మల్ని తీసుకుని జనగామ వచ్చి మండీలో వడ్లు తూచే కాడ చేరాడు. పోయేదాకా చర్చిలో ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. పాస్టరు పిలిచినా ముందుకు రాలేదు. నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి ధైర్యం చేసి, నువ్వు చేసింది తప్పుకాదు బాపూ, నువ్వు దిగి ఉంటే మేమెవరం ఉండేవాళ్లం కాదు అన్నాను. ఆయన, “గది నాకు ఎరుకే బిడ్డా. ఎరుకైతె ఏమాయె” అన్నాడు.

ఎరుకైతే ఏమీ కాదు, నిజమే. ఆ గొర్రె కథ ఎంతమంది నోట విన్నానో, వెతుక్కుంటూ పోయిన కాపరి గురించే చెబుతారు. అరణ్యంలో వదిలి పోయిన ఆ తొంభైతొమ్మిదీ ఏమయ్యాయో, తోడేలు రాలేదా అని ఎవరూ అడగరు. ఆ తొంభైతొమ్మిదిలో నేనొకదాన్ని. మా కాపరి మమ్మల్ని వదిలిపోలేదు కాబట్టి బతికాను, చదివాను, పెళ్లాడాను, మనుమల్ని ఎత్తాను. ఇంత బతుకూ ఒక మనిషి ఖరీదుకు వచ్చింది. దీనికి స్తోత్రం చెప్పాలో ఏడవాలో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. దేవుణ్ణి కూడా అడిగాను. మా అత్తకు వినపడనట్టే ఆయనకూ వినపడదేమో అనిపించిన రోజులున్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.

కూడిక అయ్యాక పాస్టరు అబ్బాయి వచ్చి నా పక్కన మెట్టుమీద కూర్చున్నాడు. లేచి వచ్చేసినవేంది అమ్మమ్మా, పాణం బాగలేదా అని అడిగాడు. మంచి పిల్లవాడు, అడిగిన తీరు మంచిది, అందుకే చెప్పాను. ఇంత వివరంగా ఎవరికీ చెప్పలేదు, మా పిల్లలకు కూడా. వాడు సీరియల్ సంగతి ఎత్తలేదు, పాఠం చెప్పలేదు, అంతవరకు వాడికి దండం పెట్టాలి. నా చెయ్యి పట్టుకుని, “ప్రార్థన చేస్త అమ్మమ్మా. మీ అత్త పేరు చెప్పున్రి, పేరు పెట్టి చేద్దాం” అన్నాడు.

నోరు తెరిచాను. పేరు రాలేదు.

ముసలితనం మరపు కాదు అది. ఆ పేరు నేనెప్పుడూ పిలవలేదు. ఎవరు పిలిచారు గనక? మాకు అత్త, నాయనమ్మకు బిడ్డ, ఊరివాళ్లకు మూగి. బాప్తిస్మంలో బైబిలు పేరేదో పెట్టారని మాత్రం తెలుసు. అది రాసుకున్న కాగితాలు గుడితో పాటే కాలాయి. ఆమె పోయాక ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు, నేను అడగలేదు. అడగడానికి ఇప్పుడు బాపు లేడు, అమ్మ లేదు, ఆనాడు నోరు మూసి కాపాడుకున్న తమ్ముడు కూడా మొన్న ఎండాకాలం పోయాడు. గుట్టను కంకరకు తవ్వుకుపోయారు, వాడ ఉన్నచోట పత్తి చేలు. మా కాలంలో పల్లెలో మనిషి ఎక్కడ కనపడకపోయినా ఎవరి బిడ్డవు, ఎవరి చెల్లెలివి అని అడిగేవాళ్లు ఉండేవారు, ఆ అడిగేవాళ్లంతా ఒక్కొక్కరే దాటిపోయారు. ఆ బాటమీద ఆమెను చూసినవాళ్లలో మిగిలింది నేను. నా తరవాత ఆమె మొహం ఎరిగినవాళ్లు కూడా ఎవరూ ఉండరు.

పిల్లవాడు పేరు లేకుండానే ప్రార్థన మొదలుపెట్టాడు. “ప్రభువా, ఆమె…” అని ఆగాడు. మళ్లీ “ఆమె…” అన్నాడు. ఆపైన వాడికీ మాట రాలేదు.