మామ అనని మాట

ఆ రోజుల్లో కోడలి పని అంటే నీళ్లు మోయడం, పేడ ఎత్తడం, రాగిముద్ద కెలకడం. మాటలు మోయడం కూడా పనేనని ఎవరూ అనుకోలేదు. మూడో తరగతితో బడి మానేసిన నాకు అంతకన్నా తెలియదు. శింగనమల దగ్గర మా అత్తగారింట్లో నేను అడుగుపెట్టేసరికే మామకూ మా ఆయనకూ మాటల్లేవు. మామ వద్దంటున్నా ఈయన చేనులో బోరు వేయించాడు, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అప్పటినుంచి తండ్రి వసారాలో, కొడుకు దొడ్లో, నడుమ నేను. (అత్త అప్పటికే పోయింది. బతికున్నన్నాళ్లూ ఆ మాటలు మోసింది ఆమేనట.)

"వానికి చెప్పుమ్మా, ఆ బోరు గుంతలోనే పడి సావమను" అనేవాడు మామ. నేను దొడ్లోకి పోయి, "ఎండలో ఉండొద్దంటాండాడు మామ" అనేదాన్ని. ఒకసారి "ముసలోనికి చెవుడొచ్చింది, నోరు గూడా పడిపోతే బాగుండు" అన్నాడు ఈయన. నేను వసారాలోకొచ్చి, "మామా, చెవిలో నూనె పోయమంటాండాడు" అని అరిచాను. "నిజంగానా?" అని మామ తల పక్కకు వాల్చేశాడు. ఇక పోయక తప్పలేదు. (చెంచాడు శెనక్కాయల నూనె! ఇప్పటికీ నా కడుపు మండుతుంది.)

ఆ ఎండాకాలం మామ మంచం పట్టాడు. కొడుకు లోపలికి రాడు, తండ్రి పిలవడు. ఇట్లాగే విడిపోతారేమోనని నాకు ముద్ద దిగేది కాదు. ఒకనాటి పొద్దున చెవి దగ్గర వంగి, "పిలిచేదా మామా?" అని అడిగాను. "వద్దు. వాని మొగం నాకు చూపియ్యొద్దు" అన్నాడు. మధ్యాహ్నానికి పోయాడు. మా ఆయన గడప అవతలే నిలబడి, "ఏమన్నా అన్నాడా?" అన్నాడు. ఆ మొహం చూశాక ఉన్నది చెప్పలేకపోయాను. "వాడు తిన్నాడా అని అడిగినాడు" అన్నాను. ఆయన అక్కడే కూలబడి ఏడ్చాడు. నాకు ఏడ్చే తీరిక లేదు, వచ్చినవాళ్లకు నీళ్లు తోడాలి.

మొన్న నేను మనవరాలి మీద కేకలేస్తుంటే మా ఆయన నా మీదికి తిరిగాడు. "మా నాయనను చూసి నేర్చుకోవే. పోయేముందర గూడా వాడు తిన్నాడా అన్నాడు. నీ నోట్లోనుంచి ఒక్క మంచి మాటన్నా వస్తాదా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "లెయ్, ముద్ద చల్లారిపోతాంది" అని కసిరాను. ఆ రోజుల్లో మాటలు మోసిన పదిహేడేళ్ల కోడలిపిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. తన దగ్గరున్న మంచి మాటలన్నీ వేరేవాళ్ల పేరునే వాడేసింది, తన పేరున ఒక్కటీ దాచుకోలేదు. ఇంత పొదుపరిని, ఆ ఒక్కదాంట్లో ఎంత దుబారా చేశానో!