చేపల తొట్టికి సైకిల్ పంపు

జనగామలో అక్వేరియం దుకాణంవాడు కొత్త ఫిల్టర్‌ను నీళ్లలో పెట్టి చూపించాడు. బుడగల చప్పుడు వినగానే నెల్లికుదురులోని మా ఇల్లు గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ గాజు తొట్టిలో ఎర్ర చేపలుండేవా?

కాలు విరిగి మంచం పట్టిన అక్క కోసం నాయిన రెండు చేపలు తెచ్చాడు. ఫిల్టర్ స్పాంజిని అవ్వ తొట్టిలోంచి ముంచిన నీళ్లలోనే పిండేది. ఇల్లంతా పాచి వాసన వచ్చేది. దవాఖానలో కట్టు విప్పాక కూడా అక్క భయంతో కాలు కింద పెట్టలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది. నాయిన పొలంలో ఉన్నాడు. ఫిల్టర్ ఆగి, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. సైకిల్ పంపుకు సన్న గొట్టం తగిలించి నీళ్లలోకి గాలి కొట్టాను. కొంతసేపటికి చేతులు లేవలేదు. అవ్వ పంపు కొట్టబోయి ఆయాసంతో కూలబడింది.

"గిటియ్యి, నేను కొడత."

వెనక్కి తిరిగితే అక్క, గోడ పట్టుకుని నిలబడి ఉంది. అవ్వ పక్కకు జరిగింది. కరెంటు వచ్చేదాకా అక్కే కొట్టింది.

సాయంత్రం నాయిన వచ్చేసరికి అక్క వాకిట్లోకి ఎదురెళ్లింది.

"చేపలు బతికినయ్ నాయినా."

నాయిన ఆమె కాళ్లవైపే చూస్తూ ఉండిపోయాడు.