తొమ్మిదో అంతస్తులో కడబూర

నాకు అక్షరాలు యాభై ఏళ్లు దాటాక వచ్చాయి. అవి కూడా బడిలో కాదు, ఆఫీసులో. హైటెక్ సిటీ దగ్గర ఒక అద్దాల బిల్డింగులో తొమ్మిదో అంతస్తు మాది. మాది అంటే, ఊడ్చి తుడిచే పని మాది. నేనూ ఇంకొక అక్కా కలిసి ఆ అంతస్తంతా చూసుకునేవాళ్లం. అక్క సొంత అక్క కాదు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డ మనిషి, పదో తరగతి దాకా చదువుకుంది. నేను నానక్‌రామ్‌గూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. ఇద్దరం యేసుప్రభువును నమ్ముకున్నవాళ్లమే కానీ చర్చిలు వేరు.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ప్యాంట్రీ వెనక సామాన్ల గదిలో బకెట్లు బోర్లించుకుని కూర్చునేవాళ్లం. అక్క తన పెద్దక్షరాల బైబిలు ఒళ్లో పెట్టుకుని పెన్సిలుతో ఒక్కో మాటా చూపించేది. నేను కూడబలుక్కుని చదివేదాన్ని. ఒత్తు వచ్చిందంటే నాకు చెమటలు పట్టేవి. అప్పటిదాకా చర్చిలో పాస్టరుగారు వాక్యం చెప్పగానే నేను కూడా అందరితో పాటు పుస్తకం తెరిచేదాన్ని. ఏ పేజీ తెరిచానో నాకే తెలిసేది కాదు. పక్కనున్న ఆవిడ ఒకసారి నా చేతిలోని పుస్తకం తీసుకుని, తలకిందులుగా ఉన్నదాన్ని తిప్పి మళ్లీ నా చేతిలో పెట్టింది. అందుకే నాకు ఒకటే పట్టుదల ఉండేది. ఎవరి సాయమూ లేకుండా ఒక్క పేజీ, పైనుంచి కిందిదాకా, నేనే చదవాలి.

ఒత్తులు సగం వచ్చేసరికి అంత్యదినాలు అడ్డం పడ్డాయి.

మా చర్చిలో పాస్టరుగారు లోకాంతం గురించి వరసగా పాఠాలు మొదలుపెట్టారు. స్టేజీ వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. దాని మీద గుర్రాలు, ఏడు తలల మృగం, ఎర్ర బాణం గుర్తులు. కడబూర మోగుతుందనీ, నమ్మినవాళ్లందరూ రెప్పపాటులో మేఘాల్లోకి ఎత్తబడతారనీ, ఆ తర్వాతే భూమి మీద ఏడేళ్ల శ్రమలు మొదలవుతాయనీ ఆయన బోధించారు. శ్రమలంటే కరువు, యుద్ధాలు, మృగం ముద్ర. మనం అప్పటికి ఇక్కడ ఉండం అన్నమాట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికి వెళ్తూనే మా ఇంటి ఓనరమ్మకు చెప్పాను, నేను ఏ రోజైనా మాయం కావచ్చని.

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "పో, ఎవరొద్దన్నరు? నెల ముందుగాల చెప్పి పో. చెప్పకుండ పోతే అడ్వాన్స్ వాపస్ ఇయ్య" అంది.

మర్నాడు అక్కకు చెప్పాను. ఆమె నవ్వింది.

"ముందు ఎత్తబడతారని ఎవరు చెప్పారే మీకు? శ్రమలన్నీ అయ్యాకే ప్రభువు వస్తాడు. మనం కూడా వాటి గుండా వెళ్లాల్సిందే. నోవహును వరద రాకముందు పైకి తీసుకెళ్లాడా? వరదలోనే ఓడలో ఉంచి కాపాడాడు."

"మరి బైబిల్ల లోతు అనేటాయన సంగతేంది అక్కా? ఊరి మీద నిప్పు పడకముందే దేవదూతలు చెయ్యి పట్టి బయటికి గుంజుకొచ్చిండ్రు గదా!"

"వాళ్లావిడ ఏమైందో కూడా చెప్పు. వెనక్కి తిరిగి చూసి ఉప్పుస్తంభం అయింది."

"నాకు వెనక్కి చూసే పనేమున్నది? ఇంట్ల రెండు గిన్నెలు, ఒక సిలిండరు."

అలా రోజూ సాగింది. మొదట్లో సరదాగానే ఉండేది. ఒక రోజు కాఫీ కలుపుకోవడానికి వచ్చిన ఇంజనీరు అమ్మాయి మా మాటలు విని ఆగిపోయింది. ఆ పిల్లదీ క్రైస్తవ కుటుంబమే. "ఆంటీ, ప్రభువు వచ్చి వెయ్యేళ్లు ఏలతాడని అంటారు కదా, అది లెక్కపెట్టి వెయ్యేళ్లు కాదు. మా చర్చిలో ఏం చెప్తారంటే, క్రీస్తు ఇప్పటికే ఏలుతున్నాడు. ఇప్పుడు మనం ఉన్నదే ఆ కాలం" అంది.

అప్పటిదాకా కొట్టుకుంటున్న మేమిద్దరం ఒక్కటైపోయాం.

"గిదే వెయ్యేండ్ల రాజ్యమైతే బయోడైవర్సిటీ సిగ్నల్ కాడ గంత జామ్ ఎందుకుంటది బిడ్డా?" అన్నాను.

"అడుగు, బాగా అడుగు" అంది అక్క.

ఆ పిల్ల కాఫీ పట్టుకుని వెళ్లిపోయింది. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే అక్క నోరు జారింది.

"మీ పాస్టరుగారు మిమ్మల్ని లిఫ్టులో తీసుకెళ్తానంటున్నారు. దేవుడు మెట్లెక్కించి తీసుకెళ్తాడే."

"మెట్లు నువ్వెక్కు అక్కా. నీ మోకాళ్లకు మంచిది" అన్నాను.

ఆమె మోకాళ్ల నొప్పి నిజం. మూడో అంతస్తుకు ఎక్కినా గోడ పట్టుకుని నిలబడిపోతుంది. నవ్వు ఆగిపోయింది. బైబిలు మూసి సంచిలో పెట్టుకుంది. "మేఘాల్లోకి పోయేదానివి, నీకు ఒత్తులెందుకులే. అక్కడ ఎవరూ చదవమనరు" అని లేచి వెళ్లింది.

మర్నాటి నుంచి ఆమె అన్నం డబ్బా అద్దాల గోడ పక్కన తెరుచుకునేది. నేను సామాన్ల గదిలో ఒక్కదాన్నే తినేదాన్ని. ఇంటి దగ్గర బైబిలు వాగ్దానాలు అచ్చేసిన క్యాలెండరు ముందు నిలబడి సొంతంగా చదువుదామని చూశాను. రెండో మాటలోనే ఒక అక్షరం కింద ఇంకో అక్షరం, దాని పక్కన ఇంకోటి వేలాడుతున్నాయి. ఓనరమ్మను అడిగాను. "నాకే వస్తే నీకు కిరాయి రసీదు రాసియ్యకపోదునా?" అంది. ఆ పేజీ ఇక ఈ జన్మకు లేనట్టే అనిపించింది.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నేను తడి నేల బోర్డు గుమ్మం ముందు పెట్టి లేడీస్ బాత్రూం తుడుస్తున్నాను. ఉన్నట్టుండి పొడవైన కూత మొదలైంది. అంతకుముందెప్పుడూ వినని కూత. జనరేటరు ఏదో బాగు చేస్తున్నారనుకున్నాను. సగం తుడిచిన నేల వదిలేసి పోవడం నాకు అలవాటు లేదు. మూలలు కూడా తుడిచి, బకెట్ పట్టుకుని బయటికొచ్చాను.

అంతస్తులో మనిషి లేడు.

కంప్యూటర్లు వెలుగుతున్నాయి. కప్పుల్లోంచి పొగ వస్తోంది. ఒక కుర్చీ ఇంకా మెల్లగా తిరుగుతోంది. కుర్చీల వీపుల మీద కోట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక టేబుల్ కింద ఎత్తు మడమల చెప్పులు, జతకు జత, పక్కపక్కనే ఉన్నాయి. వాటిలోంచి మనిషి పైకి లేచిపోయినట్టే ఉంది.

నా చేతిలో బకెట్ జారింది. కడబూర మోగింది. అందరూ ఎత్తబడ్డారు. నేను మిగిలాను.

ఎవరెవరు పోయారో చూద్దామని సీట్లన్నీ వెతుక్కుంటూ నడిచాను. రోజూ యాపిల్ ముక్కలు కీబోర్డు మీద పారేసే సారు పోయాడు. తుడిచిన నేల మీద బూట్లతో తొక్కి, మళ్లీ తుడవమనే మేడమ్ పోయింది. ఆఖరికి మా సూపర్‌వైజర్ సీటు కూడా ఖాళీగా కనిపించింది. ఆ పిల్లగాడు ప్రభువు పేరు ఎత్తగా వినలేదు. పొద్దున్నుంచి సాయంత్రందాకా నోట్లో గుట్కా. వాడు పోయాడు. శుక్రవారం ఉపవాసాలున్న నేను మాత్రం ఫినాయిలు వాసనతో ఇక్కడ నిలబడ్డాను.

అక్క కూడా పోయే ఉంటుందనుకున్నాను. పోనీలే, ఆమెకైనా మోకాళ్ల నొప్పి తీరింది అనుకుంటూ, ఏడుస్తూ ప్యాంట్రీలోకి వెళ్లాను.

అక్క అక్కడే ఉంది. నల్లటి చెత్త కవరు ఒకటి విప్పి అందులో బిస్కెట్ పాకెట్లు, పంచదార పొట్లాలు, టీ బ్యాగులు గబగబా వేసుకుంటోంది.

"అక్కా! నువ్వు పోలేదా?"

"నువ్వూ పోలేదటే?"

ఇద్దరం గట్టిగా పట్టుకుని ఏడ్చాం. బిస్కెట్లు మా మధ్య నలిగిపోయాయి.

"నువ్వు చెప్పిందే నిజమైందే" అంది అక్క, ముక్కు చీదుకుంటూ. "శ్రమలకు ముందే తీసుకెళ్లిపోయాడు. నన్ను వదిలేశాడు. ఎలాగూ ఏడేళ్లు తప్పదు కదా అని నాలుగు సర్దుకుంటున్నా."

"లేదక్కా, నువ్వు చెప్పిందే నిజం. నేను మిగిలిన గదా! మెట్లే మనకు. కానీ ఏడేండ్లకు గీ బిస్కెట్లు యాడ సరిపోతయి?"

"నువ్వు కూడా ఉంటావని నాకేం తెలుసు? ఒక్కదానికే లెక్కేశా."

"సూపర్‌వైజర్ పోయిండక్కా. గుట్కా నోట్లె వెట్టుకొని పోయిండు."

అక్క ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది. "ఆ అబ్బాయి క్రైస్తవుడే కాదు కదే!"

"గదే నా పరేషాన్."

అప్పుడే మెట్ల తలుపు దబాలున తెరుచుకుంది. మెరిసే పసుపు కోటు వేసుకుని, రొప్పుతూ సూపర్‌వైజర్ వచ్చాడు.

"అమ్మా! మీరింకా ఈడనే ఉన్నరా? సైరన్ ఇనబడలేదా?"

"నువ్వు పోయినవనుకున్నం బిడ్డా" అన్నాను.

"పోయిన. మీరు లేరని మళ్ల తొమ్మిది అంతస్తులెక్కి వచ్చిన!"

"దేవుడు పంపించాడా?" అంది అక్క.

"సేఫ్టీ సారు పంపించిండు. ఫైర్ డ్రిల్ అమ్మా. మంటలంటుకుంటే ఎట్ల దిగాల్నో నేర్పుతరు. అందరికి మెయిల్ వచ్చింది. మీకు నేను చెప్పాలె. మర్శిపోయిన." తల గోక్కున్నాడు. "కింద మనుషులను లెక్కవెడితే మీరు తక్కువొచ్చిండ్రు. రిపోర్టుల మీరిద్దరు సచ్చిపోయినట్టు రాసిండ్రు."

ఆ మాట వినగానే అక్క కళ్లు తుడుచుకుంది. "చూశావా? ముందు ఎవరూ పోలేదు. నేను చెప్పలా!" అంది. నేనూ నా మాట వెనక్కి తీసుకున్నాను. "అసలు కడబూరే మోగలేదక్కా, నీ మాట గెల్చినట్టెట్ల?"

ఈలోపు సేఫ్టీ వాళ్లు ఇద్దరు స్ట్రెచర్ పట్టుకుని వచ్చారు. మమ్మల్ని చూసి వాళ్లకు ఎంత సంతోషమో. వాళ్ల డ్రిల్లుకు దెబ్బ తగిలినట్టు నటించేవాళ్లు ఎవరూ దొరకలేదట. "ఎట్లాగూ సచ్చిపోయిండ్రు గదా, జర ఒకరు దీని మీద పండుండ్రి" అన్నాడు సూపర్‌వైజర్. లిఫ్టు ఆపేశారు. తొమ్మిది అంతస్తుల మెట్లు. అక్క తన మోకాళ్ల వంక ఒకసారి చూసుకుని, స్ట్రెచర్ మీద పడుకుంది.

ఆమెను ఎత్తారు. నేను పక్కన మెట్లు దిగుతున్నాను, చేతిలో బిస్కెట్ల కవరుతో.

"ఆ సంచిల ఏంది?" అని అడిగాడు సూపర్‌వైజర్.

"చెత్త" అన్నాను.

అయిదో అంతస్తు దగ్గర ఇక ఆగలేకపోయాను. వంగి అక్క చెవిలో అడిగాను. "అక్కా, జర చెప్పు. ఎత్తబడ్డది ఎవరు, మెట్ల మీద నడుస్తున్నది ఎవరు?"

అక్క కళ్లు తెరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి. "నోరు ముయ్యవే. చచ్చినవాళ్లతో మాట్లాడకూడదు." స్ట్రెచర్ ఊగుతోంది. ముందు బరువుకేమో అనుకున్నాను. ఆమె లోపల నవ్వుతోంది.

కింద లాన్‌లో మా అంతస్తు వాళ్లంతా నిలబడి ఉన్నారు. చెప్పులు వదిలేసిన అమ్మాయి గడ్డి మీద వట్టి కాళ్లతో ఉంది. అక్క స్ట్రెచర్ రాగానే చప్పట్లు కొట్టి ఫోటోలు తీశారు. అక్క లేచి కూర్చుని, కొంగు సర్దుకుని, అందరికీ వందనాలు పెట్టింది. ఆ సాయంత్రం బిస్కెట్లను మళ్లీ ప్యాంట్రీలో సర్దేశాం. నలిగినవి మాత్రం మేమే తిన్నాం.

మర్నాడు అన్నాలయ్యాక సామాన్ల గదిలోకి అక్క వచ్చింది. బకెట్ బోర్లించుకుని కూర్చుంది.

"నిన్న నేను నీకోసం రాలేదనుకోకు. బాత్రూం గుమ్మం దాకా వచ్చా. తడి నేల బోర్డు ఉంది. జారిపడతానని వెనక్కి వెళ్లా."

"లోకం అంతమైతుంటే బోర్డు చూసి ఆగినవా అక్కా?"

"మోకాళ్లే" అంది. ఆ రోజు నేనన్న మాట గుర్తొచ్చి తల వంచుకున్నాను. ఆమె నా తల మీద ఒక మొట్టికాయ వేసి బైబిలు తీసింది. సరిగ్గా ఎత్తబడడం గురించిన పేజీయే తెరిచింది. "ఇది చదువు. అర్థం నీకు నువ్వే చెప్పుకో. నేను ఒత్తులే చెప్తా."

పెన్సిలు ఆమె చేతిలోనే ఉంది, కానీ కాగితం మీద పెట్టలేదు. నేను చదివాను. ఎన్నిచోట్ల ఆగానో, ఎన్నిసార్లు వెనక్కి వెళ్లానో. ఒకచోట అక్క నోరు తెరవబోయి, తనే చేత్తో మూసుకుంది. బయట ఎవరో ఫ్లోర్ మీద జ్యూస్ ఒలికిందని పిలుస్తున్నారు. ఇద్దరం లేవలేదు. పేజీ కింది గీత దాకా వచ్చాను.

అక్క పెన్సిలు చెవి వెనక పెట్టుకుని ముందుకు వంగింది. "ఇప్పుడు చెప్పు. ముందా, తర్వాతా?"

"జర ఆగక్కా" అన్నాను, పేజీ తిప్పుతూ. "వెనక ఏమున్నదో కూడ సదవనియ్యి."