అంగడి నాటి అత్తరు

కొరియర్ అబ్బాయిలకు మా ఇల్లు ఒక్కనాటికీ దొరకదు. కోస్గి అంతా తిరుగుతారు, మా గల్లీ మొదట్లో మాత్రం బండి ఆగిపోతుంది. "బస్టాండు కాడ టీ హోటల్‌కు రా అన్నా" అని ఫోన్ చేస్తారు. ఇంటికి తెచ్చి ఇస్తామని రాసున్న డబ్బాను నేనే ఇంటికి మోసుకుపోతాను. మొన్న కూడా అంతే. కాకపోతే మొన్న కోపం తెచ్చుకోవడానికి తీరిక లేకపోయింది. డబ్బా మూల నుంచి చందనం, కుంకుమపువ్వు, లవంగం, అన్నిటికీ అడుగున కాస్త మాడిన బెల్లంలాంటి వాసన బయటికొచ్చింది. బస్టాండు ముందర నిలబడ్డచోటే తొమ్మిదేళ్ల పిల్లగాణ్ణయిపోయాను.

ఆ అత్తరు పేరు మల్కా-ఎ-షామ్. బొటనవేలంత సీసా, బంగారు రంగు మూత, మీద కిరీటం పెట్టుకున్న రాణి బొమ్మ. కంపెనీ దాన్ని బంద్ చేసి చాలా ఏళ్లయింది. పాత సరుకు అమ్మే మనిషి ఒకాయన ఫోన్లో దొరికితే, బతిమాలి తెప్పించుకున్నాను. నాకోసం కాదు, బాపు కోసం.

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లలో మేం కోస్గి పక్కన పల్లెలో ఉండేవాళ్లం. బాపు కోస్గిలో ఎరువుల దుకాణంలో గుమాస్తా. మామూలు రోజుల్లో ఆయన ఒంటి మీది నుంచి యూరియా వాసన, నోటి నుంచి "సదివినవా?" అన్న మాట తప్ప ఇంకేమీ వచ్చేవి కావు. వారానికోసారి వచ్చే అంగడి నాడు మాత్రం ఆటోలోంచి వేరే మనిషి దిగేవాడు. వానాకాలమైతే నూనె కారుతున్న కాగితంలో మిరపకాయ బజ్జీలు, ఆ తర్వాత తువ్వాలలో మూటగట్టిన సీతాఫలాలు, చలికాలం వస్తే జేబు నిండా రేగుపండ్లు, ఏ కాలమైనా నోట్లో సోంపు, చెవి మడతలో అత్తరు దూది. మనిషి కన్నా ముందు వాసన వచ్చేది. గోలీలాడే పిల్లలు తల ఎత్తకుండానే "అరేయ్, మీ బాపొచ్చిండు" అనేవాళ్లు.

అత్తరు పూసుకున్న బాపు నన్ను భుజాల మీద ఎక్కించుకునేవాడు. కలుపు తీసే ఆడవాళ్ల పాటలు సగం, పెండ్లి బ్యాండు పాటలు సగం కలిపి పాడేవాడు. "నీకు సైకిల్ గొంట. గుర్రం గూడ గొంటరా" అనేవాడు. తెల్లారి అడిగితే "నేనెప్పుడన్న?" అని నిజంగానే ఆశ్చర్యపోయేవాడు. ఎరువుల దుకాణంలో పని ఎక్కువ కదా, గుర్తుండదులే అని నేనే సర్దుకునేవాణ్ణి.

"గింత అత్తరు ఎందుకు బాపూ?" అని ఒకసారి అడిగాను.

"యూరియా కంపు మీ అమ్మకు పడదురా."

అమ్మకు అత్తరు కూడా పడేది కాదు. అంగడి నాడు జొన్నరొట్టెలు మిగతా రోజులకన్నా గట్టిగా చప్పుడు చేసేవి. బాపు అంగీ విప్పడమే ఆలస్యం, బకెట్లో ముంచేది. అంత మంచి వాసనను సబ్బునీళ్ల పాలు చేసే మనిషి మీద నాకు జాలి వేసేది. దసరాకైతే అంగడి లేకపోయినా అత్తరు ఉండేది, అదీ పొద్దుటి నుంచే. జమ్మి ఆకు పంచే వేళకు బాపు ఊళ్లో అందరినీ వాటేసుకునేవాడు, ఏళ్లుగా మాటల్లేని మా దాయాది పాలోళ్లను కూడా. ఇంతటి ప్రేమ ఒక బొటనవేలంత సీసాలో ఎట్లా పట్టిందో అనుకునేవాణ్ణి.

తర్వాత ఒక ఎండాకాలం బాపుకు కడుపునొప్పి వచ్చి కొన్నాళ్లు పాలమూరు దవాఖానలో ఉన్నాడు. తిరిగొచ్చాక చెవిలో దూది లేదు. "అత్తరేది బాపూ?" అంటే "కంపెనోళ్లు దాన్ని బంద్ జేసిండ్రు" అన్నాడు. అంగడిలో అత్తరు అమ్మే సాయబును అడిగాను. ఆయనా అదే మాటన్నాడు. ఆ తర్వాత అంగడి నాడు బాపు సంచిలో కూరగాయలు తెచ్చి, గోడకానుకుని, "సదివినవా?" అనేవాడు. పాట లేదు, గుర్రం లేదు.

కంపెనీ నన్ను ఇంత మోసం చేస్తుందని అనుకోలేదు. అత్తరుతోపాటు మా బాపును కూడా బంద్ చేసింది. కొన్నాళ్లకు అదే రాణి బొమ్మతో 'కొత్త మల్కా' అని ఒకటి తెచ్చారు. హోటల్ బండలు కడిగిన వాసన వచ్చింది. ఆ రాణిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఇప్పుడు అంగడిలో అత్తరు బల్ల లేదు. సాయబు కూచునే జాగాలో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మేం పల్లె వదిలి కోస్గిలోనే కిరాయికి ఉంటున్నాం. బాపు వరండాలో కుర్చీ వేసుకుని గోడను చూస్తూ ఉంటాడు, గోడకు కూడా అలవాటైపోయింది.

డబ్బా విప్పి, దూది తడిపి, వెనక నుంచి వెళ్లి ఆయన చెవి మడతలో పెట్టాను.

"గుర్తువట్టు బాపూ."

పాట కోసం ఎదురుచూశాను. బాపు దూది తీసి చూసుకున్నాడు. పిడికిట్లో దాచుకున్నాడు. ఆయన నా వైపు చూడలేదు, వంటింటి వైపు చూశాడు. లోపల రొట్టె చప్పుడు ఆగిపోయింది. పిండి చేతులతో అమ్మ గడపలోకి వచ్చి, గాలి ఒక్కసారి పీల్చి, బాపును అడిగింది:

"ఏందయ్యా, మల్ల తాగుడు మొదలువెట్టినవా? అత్తరు పూసుకుంటె నాకు తెల్వదనుకుంటున్నవా, ఇంకా?"